నెత్తిన చెయ్యి

చుట్టకుదురు మళ్ళీ విప్పేసి ఉంది.

రాత్రి పడుకోబోయే ముందు నాగులమ్మ దాన్ని వసారా గుంజకు తగిలించింది. తెల్లవారేసరికి అది అత్త మంచం కింద పొడుగాటి గుడ్డపీలికగా పడి ఉంది. లోపలి కొబ్బరిపీచు ఒక పక్కన కుప్పగా ఉంది. బండలు మోసే ఆడదానికి నెత్తికీ రాతికీ మధ్య ఉండేది ఆ ఒక్క గుడ్డచుట్టే. పాత జనతా చీరను నిలువునా చించి, పీచు పొదిగి, తాడులా మెలివేసి గుండ్రంగా చుట్టుకుంటే, కొన్నాళ్ళకు అది తల ఆకారాన్ని తెలుసుకుంటుంది. రోజూ విప్పేస్తే ఏం తెలుసుకుంటుంది?

"అత్తా, మళ్ళీ ఇప్పావా?"

మంచం మీద అంజమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని ఆమె వీపే చెబుతోంది.

"ముడి సరిగ్గా పడలా. అందుకని ఇప్పా" అంది గోడతో.

"నిన్నా అదే మాట. మొన్నా అదే మాట."

"నిన్నా మొన్నా గూడా సరిగ్గా పడలా."

ముసలితనం రెండో పసితనమంటారు. పసిపిల్లలు గూళ్ళు కట్టి పడగొడతారు. ఈ మనిషి కట్టకుండానే పడగొడుతోంది. అదీ ఒంటిచేత్తో. చుట్టను కాలికింద తొక్కిపట్టి, కుడిచేత్తో పోగులాగినట్టు లాగుతుంది. ఎడమచెయ్యి ఎప్పుడూ పైటకొంగు లోపలే ఉంటుంది. అది ఆమె అలవాటు. నాగులమ్మ కాపురానికొచ్చిన నాటినుంచీ చూస్తున్నదే. కొందరు ముసలాళ్ళు కొంగులో పొగాకు దాచుకుంటారు, కొందరు చెయ్యి దాచుకుంటారు, అంతే అనుకుంది.

గడప మీద కూర్చుని ఆమె మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. ఎడమచేతి వేళ్ళకు గుడ్డ తెలుస్తోంది: అంచు గరుకు, మధ్యలో మెత్తన, రాత్రి మంచు తడి. కుడిచేతి చివరి రెండు వేళ్ళకు ఏమీ తెలియడం లేదు. కళ్ళతో చూస్తే గుడ్డ ఆ వేళ్ళ మధ్యే ఉంది. కళ్ళు మూసుకుంటే లేదు. ఈ పరీక్ష ఆమె రోజూ ఉదయం చేస్తుంది. చూడకపోతే లేని వేళ్ళు తనవేనా అనే ప్రశ్న దగ్గర ఆగిపోయి, భయపడి, మళ్ళీ కళ్ళు తెరుస్తుంది.

మొదట్లో అది చీమలు పాకినట్టుండేది. కుడిచెవి కింద, మెడ మొదట్లో ఎక్కడో బయలుదేరి, భుజం వెనుకనుంచి దిగి, మోచేతి లోపలిపక్కగా వచ్చి చిటికెనవేలి కొసన ఆగేది. చేతిమీద పడుకున్నానేమో అనుకుంది. తర్వాత చీమలు పోయి సూదులొచ్చాయి. సూదులు పోయి మొద్దుతనం వచ్చింది. ఆముదం వేడిచేసి మోచేతి నుంచి కిందికి రుద్దుకుంది. వెల్లుల్లి కాచిన నువ్వులనూనె పట్టించింది. ఊళ్ళోకి సైకిలు మీదొచ్చే ఆరెంపీ డాక్టరు చేత ఎర్రమందు సూదులు వేయించుకుంది. మణికట్టుకు నల్లదారం కట్టించుకుంది. చెయ్యి తిమ్మిరెక్కింది కనుక చేతికే వైద్యం చేసింది. దొంగ దూరిన గది వదిలిపెట్టి, సొమ్ము పోయిన పెట్టె చుట్టూ తిరిగే మనుషులుంటారు. తాను అలాంటిదేనని ఆమెకు అప్పటికి తెలియదు.

చుట్టడం పూర్తయ్యేసరికి మోచేతినుంచి మంట మొదలైంది. ఆమెకు తెలియకుండానే కుడిచెయ్యి పైకి లేచింది. అరచెయ్యి నడినెత్తి మీద ఆనింది. ఎవరో లోపల బిగించిన తాడు వదులు చేసినట్టయింది. మంట వెనక్కి తగ్గి, భుజందాకా పోయి, అక్కడ కాసేపు నిలబడి, మాయమైంది. ఆమె కళ్ళు మూతలుపడ్డాయి.

"దించవే ఆ చెయ్యి."

అత్త గొంతు. ఎప్పుడు ఇటు తిరిగిందో.

"పొద్దుటిపూట గడపలో కూకుని నెత్తిన చెయ్యేంది? ఇంట్లో ఎవరు పోయారని? లారీ మీద పోయిన నా కొడుకు ఇల్లు చేరొద్దా?"

నాగులమ్మ చెయ్యి దించింది. దించగానే తాడు మళ్ళీ బిగిసింది.

నెత్తిన చేతులు పెట్టుకోవడమంటే ఆ ఊళ్ళో ఏమిటో ఆమెకూ తెలుసు. మిరపతోట నల్లితెగులుకు ఎర్రబడి మాడిపోయిన రైతు పెట్టుకుంటాడు. మొగుణ్ణి మంచంమీద శవంగా ఇంటికి తెచ్చుకున్న ఆడది పెట్టుకుంటుంది. ఏమీ జరగనివాళ్ళు పెట్టుకుంటే, జరగవలసినదాన్ని పేరుపెట్టి పిలిచినట్టే. అందుకే ఇంట్లో అత్త ఊరుకోదు, బోరింగు దగ్గర అమ్మలక్కలు ఊరుకోరు. చివరకు ఆమె తనే ఊరుకోదు. మొగుడు కొండలు లారీ మీద ఒంగోలు, నెల్లూరు దిక్కులకు బండలు తోలుకుపోయిన రోజుల్లో ఆ చెయ్యి తలమీద కనబడితే తనకే గుండె ఝల్లుమంటుంది.

లోకంలో ఒక్కచోట మాత్రం నెత్తిన చెయ్యి అశుభం కాదు. ఆ నెత్తిమీద బరువుండాలి, అంతే. క్వారీలో పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆడవాళ్ళందరి చేతులూ నెత్తినే ఉంటాయి. ఎవరూ ఎవర్నీ తప్పుపట్టరు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి ఆమెకు పని మీద ఆశ పుట్టింది. బండ ఎత్తుకుని, చెయ్యి పైకిపెట్టి పట్టుకుంటే హాయి; బండ దించి, చెయ్యి వేలాడేసి ఇంటికొస్తే బాధ. దీన్నిబట్టి ఆమె తేల్చుకున్నది ఒక్కటే: మోస్తే తగ్గుతుంది, కూర్చుంటే పెరుగుతుంది. పని మందు, విశ్రాంతి జబ్బు. అందుకని ఈ నాలుగు నెలలుగా ఆదివారాలు కూడా క్వారీకి పోతోంది. ఆమె హుషారు చూసి మేస్త్రి గోవిందయ్య తక్కినవాళ్ళను ఎత్తిపొడుస్తున్నాడు.

చద్దన్నం తింటుంటే ముద్ద జారి ఒళ్ళో పడింది. అత్త చూసిందేమోనని తలెత్తింది. చూసింది. చూసి మొహం తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇయ్యాల పోమాకే" అంది అంజమ్మ కాసేపటికి.

"ఎందుకు పోకూడదు?"

"ఎందుకో ఒకందుకు. నీళ్ళు కాసిపెట్టు, తలబోసుకుంటా."

"వచ్చినాక పోస్తాలే. మంచం దిగమాక."

చుట్టకుదురు చంకలో పెట్టుకుని నాగులమ్మ బయటపడింది.

ఊరు మాచర్లకు దగ్గరే. ఇళ్ళ గోడలూ నాపబండలే, దొడ్ల దడులూ నాపబండలే. నిలువుగా పాతిన బండల వరుసల మధ్య దారి క్వారీదాకా సాగుతుంది. దారి మలుపులో ఆరోగ్యమ్మ నిలబడి ఉంది. పొట్టి మనిషి, బిగువైన ఒళ్ళు, తమలపాకుతో ఎర్రబడిన నోరు. పదేళ్ళుగా ఇద్దరూ జత. పెద్ద బండ ఒక్కరివల్ల కాదు. ఇద్దరు ఒకరివెనక ఒకరు నడుస్తూ నెత్తిమీద అడ్డంగా మోస్తారు. పొడుగ్గా ఉన్నందుకు నాగులమ్మ వెనక, ఆరోగ్యమ్మ ముందు.

"ఏంది వదినా, మొహం అట్టా ఉంది? ముసల్ది మళ్ళీ కుదురు పీకిందా?"

"పీకింది."

"నీ మీద పగ ఆమెకి. పై లోకానికి పోయేటప్పుడు ఆ గుడ్డే ఎంట తీసుకుపోద్ది చూడు."

"నువ్వు నోరు కడుక్కుని మాట్టాడు."

"నా నోరు పొద్దున్నే ప్రభువు పేరుతో కడిగాను. నీదే పాచిది."

నాగులమ్మ నవ్వింది. నవ్వుతూనే కుడిచేతి వేళ్ళను పైట కింద ముడిచి విప్పింది. ఈ మనిషికి చెప్పాలి. రోజూ ఈ మలుపులో అనుకుంటుంది, రోజూ ఈ మలుపు దాటిపోతుంది. ముందు నడిచే మనిషికి వెనక ఏమవుతోందో కనబడదు. బండ వెనక అంచు ఎవరి చేతిలో ఉందో, ఆ చేతిలోనే ముందు మనిషి వీపు, మడమలు, ప్రాణం ఉంటాయి. పదేళ్ళలో ఆరోగ్యమ్మ ఒక్కసారైనా వెనక్కి తిరిగి 'పట్టుకున్నావా' అని అడగలేదు. అడగలేదు కనుకనే చెప్పడం కష్టమైంది. చెబితే జత పోతుంది. జత విడిన ఎద్దును ఎవరూ కట్టరు. రాళ్ళముక్కలు ఏరడానికో, నీళ్ళు తోడడానికో తోస్తారు. అక్కడ ఈ హాయి ఉండదు, ఈ మనిషీ ఉండదు.

చెప్పలేనిది ఇంకొకటీ ఉంది. పోయిన నెల ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరు చిన్నవాడు, ఓపికైనవాడు. ఆమె చెయ్యి చాపి చూపించింది. ఆయన చెయ్యి వదిలేసి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తల కుడిపక్కకు వంచమన్నాడు. నడినెత్తి మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా కిందికి నొక్కాడు. మెడలో మీట నొక్కినట్టు చిటికెనవేలిదాకా కరెంటు పాకింది. ఆమె కెవ్వుమంది.

"ఇక్కడేం మోస్తావమ్మా?" అన్నాడాయన, చేతులు తీయకుండానే.

"బండలు."

"రోగం చేతిలో లేదు. మెడ ఎముకల మధ్య నుంచి చేతికి నరం దిగుతుంది. అది నలుగుతోంది. ఇక్కడ నలిగితే అక్కడ తెలుస్తుంది." ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న గుంట పడినచోట వేలుపెట్టి చూపించాడు. "ఇక్కడ కండ కరుగుతోంది చూశావా? బరువు మానకపోతే పట్టు పోతుంది. చెయ్యి తలమీద పెట్టుకుంటే హాయిగా ఉంటుందా?"

ఆ ప్రశ్నకు ఆమె బిత్తరపోయింది. పసుపూ కుంకుమా ఉన్న ఏ ఆడది ఆ మాటకు అవునంటుంది?

"లేదయ్యా" అంది.

ఆయన ముఖంలో ఏదో సందేహం కదిలింది. మెడకు పట్టీ వేసుకోమని, మందులు వాడమని, మోత మానమని చెప్పాడు. బయటికొచ్చాక ఆమెకు మోసపోయినట్టనిపించింది. చెయ్యి చూపిస్తే మెడ పట్టుకున్నాడు. మెడ నొప్పే లేదు తనకు. ఉన్నచోట చూడకుండా లేనిచోట వెతికే వైద్యమేమిటి? ఇంటికొచ్చేదాకా ఆ కోపంతోనే తనను తాను ఓదార్చుకుంది. కానీ ఆ నొక్కు మాత్రం ఆమె నెత్తిమీదనుంచి దిగలేదు.

క్వారీలో ఎండ అప్పటికే తెల్లబడింది. గోతి అడుగున మగవాళ్ళు గడ్డపారలతో పొరకూ పొరకూ మధ్య పొడిచి నాపరాతిని పుస్తకం విప్పినట్టు విప్పుతున్నారు. గట్టుమీద లారీ వెనకతలుపు తెరుచుకుని నిలబడి ఉంది. ఆడవాళ్ళు బండలు తెచ్చి లారీ అంచున ఆనిస్తే, పైనున్నవాళ్ళు లాగి నిలువుగా పేరుస్తారు.

మొదటి బండలు సజావుగా వెళ్ళాయి. బండ నెత్తికెక్కగానే మెడ కుంగింది. చెయ్యి పైకి పోగానే నరం సర్దుకుంది. కుంగడం ఎంత, సర్దుకోవడం ఎంత అని ఆమె ఇన్నాళ్ళూ లెక్క చూడలేదు. సర్దుకున్నది మాత్రమే చూసింది. ఈ ఉదయం డాక్టరు అరచేతులు పదేపదే గుర్తుకొస్తున్నాయి. ఆయన నొక్కినది కూడా సరిగ్గా ఇక్కడే కదా, కుదురు కూర్చునే చోటే కదా?

ఆ ఆలోచన నచ్చక ఆమె నడక మీద మనసు పెట్టింది. ముందు ఆరోగ్యమ్మ మడమలు. పగుళ్ళలో తెల్లటి రాతిపొడి. ఎడమది, కుడిది, ఎడమది. గట్టు ఎక్కేచోట వాలు ఉంది. అక్కడ బరువంతా వెనక మనిషి మీదికి వస్తుంది. ఆమె కుడిచేతి వేళ్ళు బిగించింది. బిగించానని అనుకుంది. బిగిసిందో లేదో చెప్పవలసిన వేళ్ళు ఏమీ చెప్పలేదు. చూద్దామంటే చెయ్యి నెత్తిమీద ఉంది, కళ్ళకు కనబడదు.

రాయి కదిలిన సంగతి ఆమెకు చేతివల్ల తెలియలేదు. చప్పుడువల్ల తెలిసింది. కుదురు మీద గరగరమని జారిన చప్పుడు.

"ఆరోగ్యం" అంది.

ఆరోగ్యమ్మ వెనక్కి చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో. పదేళ్ళ అలవాటు ఆమెను ఎడమపక్కకు దూకించింది. బండ కుడిపక్కకు వాలి నేలమీద పడి మూడు ముక్కలైంది. ఒక ముక్క అంచు ఆరోగ్యమ్మ మడమను గీసుకుంటూ పోయింది. తెల్లటి పొడిమీద ఎర్రటి గీత సన్నగా తేలింది.

గోతిలో గడ్డపారలు ఆగిపోయాయి.

"ఏం నాగులమ్మా, నడుస్తా నడుస్తా నిద్రబొయ్యావా?" గోవిందయ్య గట్టుమీదనుంచి వచ్చాడు. ముక్కల్ని చూశాడు, తర్వాత కాలిని చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆదివారాలు గూడా రాబట్టే ఇట్టా. మనిషా ఎద్దా నువ్వు? పో, పోయి నీడన కూకోండి."

తాటాకు పందిరి కింద ఆరోగ్యమ్మ మడమకు తడిగుడ్డ చుట్టుకుంది. నాగులమ్మ సాయం చేయబోతే వేళ్ళకు ముడి పడలేదు. ఆరోగ్యమ్మ ఆ వేళ్ళను చూసింది. పట్టుకుంది. గోరుతో చిటికెనవేలిని గిల్లింది. మళ్ళీ గట్టిగా గిల్లింది. నాగులమ్మ ముఖం కదల్లేదు.

"ఎన్నాళ్ళనించి?"

"నాలుగు నెల్లు."

"నాలుగు నెల్లు" అంది ఆరోగ్యమ్మ. నోట్లో ఆకు నమలడం ఆపేసింది. "నా ప్రాణం నీ చేతిలో పెట్టి ముందు నడుస్తన్నానే వదినా. ఆ చెయ్యి నీకే తెలవకపోతే నాకు చెప్పాలా వద్దా?"

"చెబితే జత మానతావని."

"మానేదాన్ని. మానితే ఏం? ఈదిలో ఎదురుబడితే మాట్టాడమా? పందుల్ని కాసుకున్నా పక్కపక్కనే కాసుకునేవాళ్ళం."

నాగులమ్మకు ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో కూడా మొద్దుబారినట్టుంది. డాక్టరు సంగతి చెప్పింది. నెత్తిన చెయ్యి పెడితే ఉండే హాయి కూడా చెప్పింది. ఆ మాట ఇంకొక మనిషితో అనడం అదే మొదలు. చెబుతుంటేనే తన మాటల్లోని పొరపాటు తనకు వినబడింది. చెయ్యి పైకి పెట్టడం వేరు, బరువు పైకి పెట్టడం వేరు. హాయి చేతివల్ల వచ్చింది, నలుగుడు రాతివల్ల వచ్చింది. రెండూ ఒకేసారి తలమీద ఉండేవి కనుక ఆమె ఒకదాని మంచిని ఇంకొకదానికి కట్టబెట్టింది.

"పో ఇంటికి" అంది ఆరోగ్యమ్మ. "పొద్దుగూకాక వస్తా. మేస్త్రికి నేను చెప్పుకుంటాలే. ఆ కుదురు ఇటు రానీమాక ఇంక."

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అంజమ్మ మంచం మీద లేచి కూర్చుని వీధివైపే చూస్తోంది. వేళకాని వేళ కోడలు రావడం చూసి ఎందుకని అడగలేదు.

"రాయి పడిందా?" అంది.

నాగులమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"కిరస్తానం పిల్ల కాలు?"

"గీసుకుంది. అంతే."

ముసలామె ఊపిరి పీల్చి వదిలింది. ఆ ఊపిరి ఎప్పటినుంచో లోపల ఆపి ఉంచినట్టుగా పొడుగ్గా వచ్చింది. "సాగర్ దగ్గిర మేం మోసేటప్పుడు" అని మొదలుపెట్టి ఆగింది. సాగర్ ఆనకట్ట కట్టిన రోజుల్లో ఆమె రాళ్ళు మోసింది. వాలుగా కట్టిన చెక్కబాటలమీద ఎంతెత్తుకు ఎక్కేవాళ్ళో, కింద మనుషులు ఎంత చిన్నగా కనబడేవాళ్ళో ఆమె వంద సార్లు చెప్పింది. ఆ పని ఎందుకు మానిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే 'చాలనిపించింది, మానేశా' అనేది. ఈసారీ అంతే. మాట సగంలో వదిలి, కుడిచెయ్యి చాపింది.

"అది ఇటియ్యి."

నాగులమ్మ చంకలోని చుట్టకుదురు తీసి మంచం మీద పడేసింది. "ఇప్పుకో. నీకదేగా పని."

"అదే నా పని" అంది అంజమ్మ.

నాగులమ్మ లోపల నాపబండల నేలమీద వాలింది. నేల చల్లగా ఉంది. గుమ్మంలోంచి మంచం కోడూ, అత్త పాదమూ, ఆ పాదం కింద తొక్కిపట్టిన చుట్టా కనబడుతున్నాయి. గుడ్డ కొంచెం కొంచెంగా లాగుతున్న చప్పుడు. చేతిలో మంట ఉడుకుతోంది. ఆమె కుడిచెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. పెట్టుకుని తిట్టుకోసం ఎదురుచూసింది. తిట్టు రాలేదు. ఇంకాసేపు చూసింది. అత్త మగతలో ఉండి చూసీచూడనట్టు వదిలేసిందేమో అనుకుంది. మంట భుజందాకా వెళ్ళి ఆగిపోయింది. నాలుగు నెలల్లో రాని నిద్ర ఒక్కసారిగా వచ్చి ఆమెను పట్టుకుంది.

లేచేసరికి గుమ్మంలో వెలుగు పసుపుబారింది. చెయ్యి ఇంకా నెత్తినే ఉంది. గుడ్డ లాగుతున్న చప్పుడు లేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

"అత్తా, నీళ్ళు కాస్తా, తలబోసుకుందువు."

అంజమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. గడ్డం రొమ్మును తాకింది. పాదం జారి మంచం పట్టెమీద పడింది. కుడిచేతి వేళ్ళ మధ్య గుడ్డ కొస ఉంది. నాగులమ్మ ఆ వేళ్ళను ముట్టుకుంది, తన ఎడమచేత్తో, తెలిసే చేత్తో. తెలిసింది.

పక్కింటి కోటమ్మ వచ్చింది. ఇంకొందరు వచ్చారు. లారీ ఆఫీసుకు కబురు పంపడానికి ఎవరో సైకిలెక్కారు; కొడుకు కొండలు తెల్లవారేసరికి చేరితే గొప్ప. ముసలామెను నేలమీద పడుకోబెట్టి కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టారు. చేతులు చాపి సరిచేయమని కోటమ్మ అంది. కుడిచెయ్యి సులువుగా వచ్చింది. ఎడమచెయ్యి కొంగులోనే ఉంది. నాగులమ్మ కొంగు తొలగించి ఆ చేతిని బయటకు తీసింది.

కాపురానికొచ్చిన ఇరవైఏళ్ళకు ఆ చేతిని ఆమె వెలుతురులో చూడడం అదే మొదలు. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వేలికీ వేలికీ మధ్య కండ లేదు, ఎముకల మధ్య చర్మం కాలువల్లా దిగిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, డాక్టరు తనకు వేలుపెట్టి చూపించినచోట, ఒక గింజ పట్టేటంత గుంట. ఆమె తన కుడిచేతిని దాని పక్కన పెట్టింది. తన గుంట చిన్నది. అంతే తేడా.

'చాలనిపించింది, మానేశా.'

నెత్తిన చెయ్యి కనబడినప్పుడల్లా ఆ ముసలికళ్ళల్లో మెరిసింది శకునం భయం కాదు. ఆ చెయ్యి ఎందుకు పైకి పోతుందో తెలిసిన భయం. కోడలి చేతిని చూసి తన చేతిని గుర్తుపట్టిన భయం. నోటితో చెప్పాలంటే కొంగు తీసి చూపించాలి. అది చేయలేక, రోజూ చీకట్లో లేచి, ఉన్న ఒక్క చేత్తో ఒక గుడ్డ విప్పింది. అన్నేళ్ళు దాచిన మాటను చివరకు ఆ గుడ్డ విప్పడంతోనే చెప్పింది. తానేమో దాన్ని పసితనమనుకుంది.

నాగులమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. కుడిచెయ్యి లేచి నెత్తిన ఆనింది. ఇంటినిండా జనం. ఒక్కరూ దించమనలేదు.

"అయ్యో, అత్తంటే ఎంత ప్రాణమే నీకు" అంది కోటమ్మ కళ్ళొత్తుకుంటూ.

ఆమెకు ఏడుపొచ్చింది. అదే క్షణంలో మంట తగ్గి చెయ్యి చల్లబడింది. తాను దేనికి చెయ్యి ఎత్తిందో, దుఃఖానికా, హాయికా, ఆమెకే తెలియలేదు. చావు ఇచ్చిన అనుమతితో ఒళ్ళు సుఖపడుతున్నందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చెయ్యి దించలేదు. ఇంతకాలం ఎవరికి భయపడి దించిందో ఆ మనిషే ఇప్పుడు ఎదురుగా కళ్ళు మూసుకుని ఉంది.

చీకటి పడుతుండగా ఆరోగ్యమ్మ కుంటుకుంటూ వచ్చింది. ముసలామె దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. తర్వాత ఆ ఎడమచేతిని చూసింది. చాలాసేపు చూసింది. పొద్దున తాను ఎగతాళిగా అన్న మాట గుర్తొచ్చిందేమో, పైటతో నోరు తుడుచుకుంది. వచ్చి నాగులమ్మ కుడిపక్కన కూర్చుంది. ఎత్తిన చెయ్యి నొప్పి పుట్టి అప్పటికే కిందికి వాలుతోంది. ఆరోగ్యమ్మ తన అరచెయ్యి ఆ మోచేతి కింద పెట్టి ఆసరాగా పట్టుకుంది. చూసేవాళ్ళకు అది ఓదార్పులాగే కనబడింది.

"బరువు నాకియ్యి" అంది చెవిలో. "నేను పట్టుకున్నాలే."

నాగులమ్మ మొదటిసారి ఆ చేతిని వదిలేసింది. మోచెయ్యి పూర్తిగా ఆరోగ్యమ్మ అరచేతిలోకి వాలింది.

దీపం వెలిగించి కోటమ్మ తలదగ్గర పెట్టింది. ఆ వెలుగు ఖాళీ అయిన మంచం మీద కూడా పడింది. నులకమీద చుట్టకుదురు సగం విప్పి ఉంది. విడివడిన గుడ్డ మంచం అంచునుంచి కిందికి వేలాడుతోంది. విప్పని సగం ఇంకా గుండ్రంగానే, నడుమ ఒక నెత్తికి సరిపడే పల్లంతో.